శిశువైద్యుఁడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే

మన దేశమున నలుగురు పంక్తిలోఁ గూర్చుండి భుజించునప్పుడు, ఎవరో యొకరు వంకాయకూరను జేతితో వారించి, అది తమకుఁ బడదని చెప్పుట విననివారుండరు. ఒకరికి వంకాయ పడదు. ఇంకొకరికి గోంగూర పడదు. మఱియొకరికి చేఁపలు పడవు. పెద్దలు దీనిని ఒంటితత్త్వమని చెప్పి యూరకుందురు. కాని యాలోచించి చూచినచో ఇది మిక్కిలి వింతయైన విషయము. ఆ కూర విషమైనచోఁ బ్రక్కనున్నవానికేల హాని చేయలేదు? విషము కానిచో వీనికేల దద్దురులు పొంగి, పెదవులు వాచి, ఊపిరి యాడకుండ నైనది? దోషము తిండిదా, తినువాని దేహముదా? మఱియు నిన్నటివఱకుఁ బడిన వస్తువు నేఁడు పడకపోవుటకుఁ గారణమేమి?

ఈ ప్రశ్నలకు మొదట సరియైన త్రోవఁ జూపినవారిలో ముఖ్యుఁడు వియన్నా నగరపు శిశువైద్యుఁడగు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. నేఁడు బిడ్డలుగల యిండ్లలో దినమున కొకమాఱైన వినఁబడు అలర్జీ యను మాటను 1906 లోఁ గల్పించినవాఁ డితఁడే. ఆ మాట నెఱిఁగినవారు లెక్కలేనంతమంది; దానిని గల్పించినవాని పేరెఱిఁగినవారు కొలఁదిమంది. కావున ఈ యేఁటి సంచికయందు అతని చరిత్రమును జదువరుల ముందుంచఁ దలఁచితిమి.

పిర్కే 1874వ సంవత్సరము మే నెల 12వ తేదీని, వియన్నాకు సమీపమునందలి హిర్ష్‌స్టెట్టెన్ అను గ్రామమున జన్మించెను. ఆ వంశమునకు మూలస్థానము బెల్జియము దేశమునందలి లియేజ్ ప్రాంతము. తండ్రి పీటర్ భూస్వామి. ఆస్ట్రియా శాసనసభలో సభ్యుఁడు. తల్లి ఫ్లోరా ధనికులగు బ్యాంకు యజమానుల కుటుంబములోనిది. క్లెమెన్స్ తమ్ములలో గీడో యనునతఁడు, పిమ్మటికాలమున, రాకెట్లతో గ్రహములకుఁ బోవుమార్గములను లెక్కకట్టి కీర్తి సంపాదించెను. కలిమికిఁ గొఱఁతలేని యింటఁ బుట్టినను ఆ యన్నదమ్ములు కలిమినే నమ్ముకొని కూర్చుండలేదు.

పిర్కే మొదట వైద్యుఁడు కాఁదలఁచినవాఁడు కాఁడు. గురుపట్టము నందవలెనను తలంపుతో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయమున దైవశాస్త్రమును, పిదప బెల్జియములోని లూవెన్ నగరమునఁ దత్త్వశాస్త్రమును జదివెను. అటుపిమ్మట ఆ మార్గమును విడిచి వైద్యవిద్యకుఁ దిరిగి, వియన్నా, కోనిగ్స్‌బర్గ్, గ్రాట్స్ నగరములందుఁ జదివి, 1900లో గ్రాట్స్ నగరమున వైద్యపట్టమును బడసెను. దైవసేవను విడిచి లోకవృత్తికిఁ బోయెనని కొందఱనవచ్చును గాని, మన ప్రాంతమునఁ బాఠశాలలు పెట్టిన మిషనులే వైద్యశాలలను గూడఁ బెట్టియుండుటచే మే మట్లనఁజాలము.

పట్టము నందినపిదప అతఁడు బెర్లిన్ నగరమున హాయిబ్నర్ అను ప్రసిద్ధ శిశువైద్యునియొద్దఁ గొంతకాలము శిక్షణ పొంది, వియన్నాకు మరలి వచ్చి, సెయింట్ అన్నా పిల్లల యాసుపత్రిలోఁ బ్రవేశించెను. 1902లో అచ్చటికిఁ బ్రధానాచార్యుఁడుగా వచ్చినవాఁడు థియోడర్ ఎషెరిష్. మనుష్యుల ప్రేగులలో నుండు ఒక సూక్ష్మజీవిని 1885లోఁ గనిపెట్టి, దాని పేరులో నేఁటికిని తన పేరు నిలుచునట్లు చేసికొన్న పండితుఁడతఁడు. ఆ గురువునకు రోగిమంచమును, ప్రయోగశాలయును రెండుకన్నులవంటివి. పిర్కేకుఁ గూడ నట్టి యభ్యాసమే పట్టువడెను.

ఆ కాలమునఁ బిల్లల వైద్యశాల యనఁగా నెట్లుండెడిదో నేఁటి బాలురకుఁ జెప్పినఁగాని తెలియదు. కంఠసర్పి యను డిఫ్తీరియా వ్యాధి నాఁడు పసిబిడ్డల పాలిటి మృత్యువు. గొంతులోఁ బొరవంటిది యేర్పడి, ఊపిరిత్రోవ మూసికొనిపోయి, తల్లి చేతులలోనే బిడ్డ ప్రాణము విడుచుచుండెను. 1890లో బేరింగ్, కిటసాటో అను పండితు లిద్దఱు దీనికిఁ బ్రతిక్రియకుఁ ద్రోవ చూపిరి. ఆ పద్ధతినిబట్టి గుఱ్ఱమునకు ఆ వ్యాధివిషమును కొంచెము కొంచెముగా నెక్కించుచుఁ బోవఁగా, దాని నెత్తురులో ఆ విషమును విఱుచు శక్తి పుట్టును. ఆ నెత్తురునుండి గడ్డను వేఱుచేసి, పైఁ దేఱిన పసుపువన్నె ద్రవమును దీసి రోగియగు బిడ్డకు సూదితో నెక్కింతురు. దీనినే సీరము అందురు. దీనివలన వేలకొలఁది బిడ్డలు మృత్యుముఖమునుండి మరలిరి.

కాని యొక చిక్కు కనఁబడెను. సీరము పొందిన బిడ్డ కంఠసర్పినుండి కోలుకొని, యాటలాడుకొనుచుండఁగా, సుమారు ఎనిమిదవ దినము మొదలు పండ్రెండవ దినము లోపల హఠాత్తుగా జ్వరము తగులును. ఒడలంతయు దద్దురులు లేచును. బిళ్ళలు కట్టును. కీళ్ళు నొచ్చును. కొన్ని దినములకుఁ దానంతటఁ దగ్గిపోవును. వైద్యులందఱు దీనిని జూచుచునే యుండిరి. గుఱ్ఱపు నెత్తురులో ఏదో దోషమున్నదని సరిపెట్టుకొనిరి. తల్లి దండ్రులును, బిడ్డ బ్రదికినందుకు సంతోషించి, దద్దురులను లెక్కచేయకుండిరి.

పిర్కే దానిని లెక్కచేసెను. అతనికిఁ దోడుగ హంగెరీ దేశీయుఁడైన బేలా షిక్ అను యువవైద్యుఁడు కూడెను. ఇరువురును మంచము మంచమునకుఁ దిరిగి, సీరము ఎక్కించిన దినము మొదలు ప్రతిదినమును ప్రతి బిడ్డ యొడలిని బరీక్షించి వ్రాసికొనిరి. వారికి వచ్చిన మొదటి సందేహ మిది. సీరము ప్రాణములేని ద్రవము. సూక్ష్మజీవివలె అది లోపలఁ బెరుఁగదు, పిల్లలు పెట్టదు. గుఱ్ఱపు నెత్తురే విషమైనచో ఎక్కించిన నాఁడే బాధ కలుగవలెను. ఎనిమిది దినములు ఊరకుండి తొమ్మిదవనాఁడు బాధించుటకు లోపల నేమి జరిగినది?

రెండవ సందేహము ఇంతకంటె గొప్పది. కొందఱు బిడ్డలకు కొన్ని వారములు, నెలలు గడచినపిదప మరల సీరము నెక్కింపవలసి వచ్చెడిది. అట్టివారికి ఎనిమిది దినముల గడువు లేదు. కొన్ని గంటలలోనో, ఆ మఱునాఁడో, నాలుగైదు దినముల లోపలనో బాధ ప్రారంభించును. తఱచుగా మొదటిమాఱుకంటెఁ దీవ్రముగ నుండును. సీరము అదే. గుఱ్ఱము అదే. బిడ్డయు వాఁడే. అట్లయిన మాఱిన దేమి? బిడ్డ మాఱినాఁడు. మొదటి సూదిమందుతో అతని దేహము కొత్తవస్తువును ఎఱిఁగికొన్నది. ఎఱిఁగికొని దానికెదురుగాఁ బ్రతిరక్షకములను సిద్ధపఱచుకొన్నది. అట్లు సిద్ధపఱచుటకే మొదటిమాఱు ఎనిమిది పది దినములు పట్టినది. రెండవమాఱు ఆయుధములు సిద్ధముగనే యున్నవి కావున పోరు వెంటనే మొదలైనది. ఒడలిపై లేచిన దద్దురులు ఆ పోరు యొక్క గుర్తులే.

ఇది నేఁడు మనకు సులభముగఁ దోఁచును. నాఁడు అట్లు కాదు. వ్యాధి సోఁకిన దినమునకును, బయటపడు దినమునకును నడుమ నుండు గడువు సూక్ష్మజీవులు పెరుఁగుటకుఁ బట్టు కాలమని యెల్లరును దలఁచుచుండిరి. ఆ గడువులో దేహము చేయు పనికిఁ గూడఁ బాలున్నదనియు, దేహమును రక్షించు శక్తియే దేహమును బాధింపవచ్చుననియుఁ జెప్పుట గొప్ప సాహసము. అప్పటికిఁ బిర్కే వయస్సు ముప్పది యేండ్లైన లేదు. పట్టము పొంది మూఁడేండ్లైనది. అతఁడు తన యూహను వ్రాసి, 1903లో ఒక ముద్రవేసిన కవరులో నుంచి వియన్నా విజ్ఞానపరిషత్తునకుఁ బంపెను. తగిన సాక్ష్యము దొరకువఱకు బయలుపఱపక, ముందుగఁ దోఁచినది తనకేయని నిరూపించుకొనుటకు ఆ కాలపు పండితు లాచరించుచుండిన పద్ధతి యది. రెండేండ్లకు, 1905లో, షిక్‌తోఁ గలిసి సీరమువలనఁ గలుగు వ్యాధినిగూర్చి యొక గ్రంథమును బ్రకటించెను. చిన్న గ్రంథమే యైనను, నేఁటికిని వైద్యులు గౌరవముతోఁ బేర్కొనునది.

ఇట్టి వింతలను గమనించినవాఁడు పిర్కే యొక్కఁడే కాఁడని చెప్పుట న్యాయము. లండనులో బాస్టక్ అను వైద్యుఁడు, వేసవిలోఁ దనకుఁ గలుగు తుమ్ములను, కన్నుల మంటను 1819లో వర్ణించెను. మాంచెస్టరులో బ్లాక్లీ యను మఱియొక వైద్యుఁడు గడ్డిపువ్వుల పుప్పొడిని దన చేతిచర్మమును గీఱి రాచుకొని, తన జలుబునకు కారణ మదియేయని తేల్చి 1873లో గ్రంథము వ్రాసెను. ఫ్రాన్సులో రిషే, పోర్టియే అనువారు సముద్రజంతువుల విషమును గుక్కలకు రెండవమాఱు మిక్కిలి స్వల్పముగ నిచ్చినను అవి నిమిషములలోఁ జచ్చుటను 1902లోఁ జూచిరి. దానికై రిషే 1913లో నోబెల్ బహుమానమును బొందెను. పిర్కే చేసిన దేమనఁగా, విడివిడిగాఁ బడియున్న యీ సంగతులను ఒక్క త్రాటఁ గట్టుట. టీకా పొడిపించుకొన్నవానికి మశూచికము రాకుండుటయు, సీరము పొందినవానికి దద్దురులు లేచుటయు నొకదానికొకటి విరుద్ధములుగఁ గనఁబడును. ఒకటి మేలు, ఒకటి కీడు. అయినను రెండింటియందును జరిగినది యొక్కటే. ఒక వస్తువుతో మొదటి పరిచయము కలిగినపిదప ఆ వస్తువునెడల దేహము ప్రవర్తించు తీరు మాఱిపోయినది. ఈ మార్పునకుఁ బేరు కావలసి, గ్రీకుభాషలో వేఱు అను నర్థమిచ్చు మాటను, పని యను నర్థమిచ్చు మాటను గూర్చి, అలర్జీ యను పదమును 1906లో మ్యూనికు నగరపు వైద్యపత్రికలోఁ బ్రకటించెను. రెండు పుటలకు మించని వ్యాసమది.

ఆ పదము అనవసరమని కొందఱు పండితులు కొట్టివేసిరి. పిమ్మట లోకము దానిని స్వీకరించినది గాని, సగమే స్వీకరించినది. మేలుచేయు మార్పు దానినుండి జాఱిపోయి, కీడుచేయు మార్పునకే యా పేరు నిలిచినది. కని పెంచిన తండ్రి ఒకటి తలఁచి పేరు పెట్టఁగా, ఊరివారు ఇంకొకటి తలఁచి పిలుచుట వంటిది.

మఱుసటి యేఁట, 1907లో, పిర్కే తన సిద్ధాంతమును ఒక చిన్న పనిముట్టుగ మార్చెను. రాబర్టు కాక్ 1890లో క్షయ సూక్ష్మజీవులనుండి ట్యూబర్క్యులిన్ అను ద్రవమును దీసి, అది క్షయకు మందగునని ప్రకటింపఁగా లోకమంతయు నాశపడి, పిదప నిరాశపడెను. మందుగాఁ బనికిరాని యా ద్రవము పరీక్షకుఁ బనికివచ్చునని పిర్కేకుఁ దోఁచెను. బిడ్డ ముంజేతిపై రెండు చుక్కలు వేసి, చిన్న యుపకరణముతో నచ్చటి పైచర్మమును గీఱును. రెంటి నడుమ ట్యూబర్క్యులిన్ లేకుండ నూరక గీఱును. క్షయజీవితో నిదివఱకుఁ బరిచయము కలిగిన దేహమైనచో ఒకటి రెండు దినములలో ఆ రెండు చోట్లను ఎఱ్ఱగఁ బొంగును, నడిమిచోటు పొంగదు. పరిచయము లేనిచో మూఁడును మాని పోవును. ఇంతియే పరీక్ష. నెత్తురు తీయనక్కఱలేదు, బిడ్డను గోయనక్కఱలేదు.

వియన్నా పిల్లలను ఇట్లు పరీక్షింపఁగాఁ దేలిన సంగతి ఆ నగరమును గలవరపఱచెను. పైకి ఏ రోగమును లేక బడికిఁ బోవుచు, ఆటలాడుచు నున్న పెద్దపిల్లలలోఁ బెక్కుమందికిఁ జేయి పొంగెను. అనఁగా క్షయజీవి వారియందు ఎన్నఁడో ప్రవేశించి నిద్రించుచున్నది. పసిబిడ్డ విషయములో మాత్రము చేయి పొంగుట మిక్కిలి యపాయసూచకమని పిర్కే గ్రహించెను; ఏలయన శిశువునందు ప్రవేశించిన క్షయ యూరక నిద్రించుట యరుదు. ఒకే పొంగు, వయస్సునుబట్టి రెండర్థములు.

ఈ పరీక్షకు మన యాంధ్రదేశముతోఁ గూడ సంబంధము కలదు. ఫ్రాన్సు దేశపు మాంటూ 1908లో దీనిని సవరించి, గీఱుటకు బదులు చర్మములోనికి సూదితో నెక్కించు పద్ధతిని బెట్టెను. పెక్కు మిషనులు కలిసి మదనపల్లె సమీపమున ఆరోగ్యవరమునందు క్షయరోగుల వైద్యశాలను స్థాపించిన సంగతి మా పాఠకులలోఁ బెద్దవారెఱుఁగుదురు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాను మొదట నుపయోగించిన స్థలములలో మదనపల్లె యొకటి. ఆ కాలమున ముందుగ ట్యూబర్క్యులిన్ పరీక్షచేసి, చేయి పొంగనివారికి మాత్రమే ఆ టీకా వేయుచుండిరి. అనఁగా వియన్నాలోఁ బుట్టిన యూహ నలువదేండ్లకు రాయలసీమ బాలుర ముంజేతులవఱకు వచ్చినది.

పిర్కే కీర్తి సముద్రములు దాఁటెను. 1909లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమువారు అతనిని శిశువైద్యాచార్యునిగఁ బిలిపించుకొనిరి. ఏఁడాది తిరిగిన పిదప అతఁడు బ్రెస్లా నగరమునకు వచ్చెను. 1911లో ఎషెరిష్ మరణింపఁగా, గురువు పీఠమునకు శిష్యుఁడే తగినవాఁడని వియన్నావారు పిలిచిరి. అచ్చటి నూతన శిశువైద్యశాలలో మేడపైభాగమున ఆరుబయట క్షయరోగపు బిడ్డలను బరుండఁబెట్టి, గాలియు నెండయు వారికిఁ దగులునట్లు చేసెను.

అంతలో 1914లో యుద్ధము వచ్చెను. నాలుగేండ్ల యుద్ధము ముగియునప్పటికి ఆస్ట్రియా సామ్రాజ్యము ముక్కలయ్యెను. వియన్నా నగరమునకు ధాన్యము, పాలు, బొగ్గు వచ్చు త్రోవలు మూసికొనిపోయెను. పిల్లలు ఎముకలగూళ్ళైరి. అలర్జీని గనిపెట్టిన పండితుఁడు ఇప్పుడు వంటశాలలను లెక్కచూడవలసి వచ్చెను. అమెరికా దేశపు హూవర్ నాయకత్వమున జరిగిన సహాయముతో లక్షలకొలఁది బిడ్డలకు దినదినము భోజనము పెట్టు కార్యమునకు ఆస్ట్రియాలో అధికారియై నిలిచినవాఁడు పిర్కేయే.

ఉన్న యాహారము కొంచెము, తినవలసిన నోళ్ళు వేనవేలు. ఎవ్వరికి ముందు పెట్టవలెను, ఎంత పెట్టవలెను? కన్నుతోఁ జూచి నిర్ణయించినచోఁ బక్షపాతము వచ్చును. పిర్కే ప్రతి బిడ్డను గూర్చుండఁబెట్టి, కూర్చున్న యెత్తును గొలిచి, ఆ యెత్తునుబట్టి ఆహారమును గణించెను. ఒక గ్రాము పాలలో నుండు పుష్టిని ఒక కొలమానముగ నేర్పఱచి, దానికి నెమ్ అని పేరు పెట్టి, రొట్టెయు, పప్పును, చక్కెరయు, క్రొవ్వును ఎన్నెన్ని నెములో పట్టికలు వ్రాసెను. వంటవారికి నేర్పెను. బిడ్డ బరువును, కూర్చున్న యెత్తును బోల్చి, చిక్కినవాఁడెవఁడో పుష్టిగ నున్నవాఁడెవఁడో తెలుపు అంకె నొకదానిని గూడఁ గల్పించెను. క్రొత్త పేర్లు కల్పించుటయందు అతనికి మిక్కిలి మక్కువ యని చెప్పక తప్పదు. అవి యన్నియు అలర్జీ వలె నిలువలేదు. నెము లెక్క నేఁటి వైద్యులకుఁ దెలియను గూడఁ దెలియదు. అందులోని లోపములను ఆ కాలపు పండితులే చూపిరి. అయినను ఆఁకటిబిడ్డల వరుసలో నెవరిని ముందు పిలువవలెనో తెలియని దినములలో ఆ లెక్క పనిచేసినది. మాకు అది చాలును.

ఆ పనివలన దేశదేశముల గౌరవము లభించెను. నానాజాతిసమితి యారోగ్యశాఖవారు అతని సలహాను గోరిరి. నోబెల్ బహుమానమునకుఁ బెక్కుమాఱులు అతని పేరు సూచింపఁబడెను గాని యెన్నఁడును రాలేదు. 1928లో ఆస్ట్రియా దేశాధ్యక్షపదవికిఁ దగినవారిలో నొకఁడుగ నతని పేరు వినవచ్చెను.

ఇంటిలో మాత్రము అతనికి శాంతి తక్కువ. 1904లో మరియా యను కన్యను బెండ్లాడెను. ఆ వివాహము అతని బంధువుల కిష్టము లేకుండెను. బిడ్డలు కలుగలేదు. ఆమె చిరకాలము వ్యాధిగ్రస్తురాలు. శరీరమునకంటె మనస్సునకుఁ గలిగిన వ్యాధి యది. అతఁ డామెను విడువలేదు. దేశమందలి బిడ్డలకందఱకు వైద్యుఁడైనవాఁడు తనయింటి బాధకు మందు కనుఁగొనలేకపోయెను. 1929వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీని దంపతు లిరువురును దమ ప్రాణములను దామే తీసికొనిరి. అప్పటికి పిర్కేకు 54 ఏండ్లు. ఈ సంగతిని బిల్లలు చదువు పత్రికలో వ్రాయవచ్చునా యని మేము కొంత సంశయించితిమి. దాఁచిన చరిత్రము చరిత్రము కాదు. మనోవ్యాధియు జ్వరమువలెనే వ్యాధియనియు, దానిని దాఁచుకొనక వైద్యునితోఁ జెప్పుకొనవలెననియు నేఁడు మన మెఱుఁగుదుము. ఆ కాలమున అట్లు చెప్పుకొను త్రోవలు బహు స్వల్పము. అతని మిత్రుఁడు షిక్ అంతకుముందే న్యూయార్కు నగరమునకుఁ బోయి, 1967వఱకు జీవించి, కడవఱకు శిశువైద్యమునే చేసెను.

పిర్కే విడిచిపోయిన ప్రశ్న యొకటి మిగిలినది. మొదటి పరిచయము దేహమును మార్చునని చెప్పినాఁడు. ఆ మార్పు ఒక బిడ్డయందు మేలుగను, ఇంకొక బిడ్డయందుఁ గీడుగను బరిణమించుట కేమి కారణము? అతఁడు పోయిన చాలకాలమునకు, 1966, 1967 సంవత్సరములలో, అలర్జీకి మూలమైన ప్రతిరక్షకమును అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ అనువారును వేర్వేఱుగఁ గనుఁగొనిరి. ఎట్లు జరుగునో కొంత తెలిసినది. ఏల కొందఱికే జరుగునో తెలియలేదు.

1989లో స్ట్రాచన్ అను ఆంగ్లేయ పండితుఁడు, 1958 మార్చి నెలలో ఒకే వారమునఁ బుట్టిన 17 వేలకుఁ బైఁబడిన బ్రిటిషు బిడ్డల వృత్తాంతమును బరిశీలించి, అన్నలు అక్కలు ఎక్కువగ నున్న బిడ్డలకుఁ బుప్పొడి జలుబు తక్కువగ నున్నదని చూపెను. పెద్దపిల్లలు వీధినుండి తెచ్చు సూక్ష్మజీవులతోఁ బసితనముననే పరిచయము కలుగుట దీనికిఁ గారణము కావచ్చునని యూహించెను. 2001లో పిర్కే స్వదేశమగు ఆస్ట్రియాయందును, స్విట్జర్లాండు, జర్మనీలయందును బల్లెపిల్లలను బరిశీలించినవారు, మొదటి యేఁడాదిలోనే పశువులపాకలలోఁ దిరిగిన బిడ్డలకు ఉబ్బసమును, పుప్పొడి జలుబును దక్కువగ నుండుట గనిరి. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అను రెండు క్రైస్తవ సమాజములు కలవు. ఇరువురి పూర్వులును మధ్య ఐరోపానుండి వచ్చినవారే. ఇరువురి జీవనమును సాదాయే. ఆమిష్‌వారు గుఱ్ఱములతో దున్నుచు నింటిప్రక్కనే పశువుల నుంచుకొందురు. హట్టరైట్‌వారు దూరమునఁ బెద్ద యంత్రములతో సేద్యము చేయుదురు. 2016లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన ననుసరించి, బడిపిల్లలలో ఉబ్బసము ఆమిష్‌వారియందు నూటికి 5, హట్టరైట్‌వారియందు నూటికి 21. ఆమిష్ ఇండ్ల దుమ్మునందే కొంత రక్షణ కలదని తేలినది.

దీనిని విని మురికి మంచిదని యెవ్వరును దలఁపరాదు. మురికినీటివలనఁ గలుగు విరేచనములు, తట్టు, కోరింతదగ్గు బిడ్డలను జంపునేగాని అలర్జీనుండి కాపాడవు. కాఁచని పాలు త్రాగించుటయు నపాయమే. పరిశోధకులు చెప్పునది పశువులు, మన్ను, తోడిపిల్లలు అను వీనితోఁ గలుగు పరిచయమునుగూర్చి. టీకాలు మానుట, చేతులు కడుగకుండుట వారి మాటలలో లేవు.

ఆహారము విషయమున జరిగినది ఇంకను వింత. వేరుసెనగ పడని బిడ్డలు ఆంగ్లదేశమందును అమెరికాయందును బెరుఁగుచుండఁగా, 2000లో అమెరికా శిశువైద్యసంఘమువారు, అలర్జీ భయము గల కుటుంబములలోని బిడ్డలకు మూఁడేండ్లు వచ్చువఱకు వేరుసెనగ పెట్టరాదని సలహా యిచ్చిరి. తల్లులు భక్తితోఁ బాటించిరి. జబ్బు తగ్గలేదు. ఆధారము చాలదని 2008లో సంఘమువారు ఆ సలహాను మానుకొనిరి. అదే యేఁట లండనునందలి గిడియన్ లాక్ మొదలగువారు, ఒకే యూదజాతికిఁ జెందిన బిడ్డలలో, ఆంగ్లదేశమున నున్నవారికి ఇజ్రాయేలున నున్నవారికంటెఁ బదిరెట్లు ఎక్కువగ వేరుసెనగ యలర్జీ యున్నదని చూపిరి. ఇజ్రాయేలులోఁ బసిబిడ్డలు మొదటి యేఁటనే వేరుసెనగతోఁ జేసిన మెత్తని తినుబండారమును దినుచుందురు.

ఇది నిజమా కాకతాళీయమా యని తేల్చుటకు ఆ లాక్ పండితుఁడే, తీవ్రమైన ఎగ్జిమాయో గ్రుడ్డు పడకపోవుటయో గల 640 మంది శిశువులను, నాలుగు మొదలు పదకొండు నెలలలోపువారిని, ఎన్నుకొనెను. ఎన్నుకొనుటకు ముందు వారి చర్మముపై వేరుసెనగ సారపుచుక్క వేసి సూదిమొనతో గ్రుచ్చి పరీక్షించిరి. ఒకనాఁడు పిర్కే బిడ్డల ముంజేతిపైఁ జేసిన పరీక్షకు ఇది మనుమరాలివంటిది. సగముమందికి వేరుసెనగను మెత్తగఁ జేసి క్రమముగఁ బెట్టిరి. సగముమందికి దాని వాసనయైనఁ దగులనీయలేదు. ఐదవ యేఁట చూడఁగా, తిననివారిలో నూటికి 17 మందికి అలర్జీ కలిగెను. తిన్నవారిలో నూటికి ముగ్గురికి మాత్రమే. ఇది 2015లోఁ బ్రకటింపఁబడఁగా, రెండేండ్లలో అమెరికా ప్రభుత్వ వైద్యసంస్థవారు క్రొత్త సలహా నిచ్చిరి. ఇంటింట వేరుసెనగ గల మన తల్లులు ఒక్క జాగ్రత్త మఱువరాదు. గింజలను గింజలుగఁ బసివానికిఁ బెట్టినచో గొంతులో నడ్డుపడి ప్రాణాపాయము కలుగును. మెత్తగ నూఱి పలుచగఁ గలిపి పెట్టవలెను. చర్మవ్యాధి తీవ్రముగ నున్న బిడ్డకు వైద్యుని యడిగియే పెట్టవలెను.

ఆ బిడ్డలను పరిశోధకులు విడిచిపెట్టలేదు. ఆఱేండ్లు దాఁటిన పిదప వారు వేరుసెనగను దినుటయో మానుటయో వారి యిష్టమునకే వదలి, పండ్రెండు పదుమూఁడేండ్ల వయస్సున మరలఁ బిలిచి చూచిరి. 2024లోఁ బ్రకటించిన ఫలితము ననుసరించి, పసితనమున దానికి దూరముగఁ బెరిగినవారిలో నూటికి 15 మందికి అలర్జీ యుండెను. పసితనమునఁ దిన్నవారిలో నూటికి నలుగురికే యుండెను. ఆ నడుమ వారు వేరుసెనగను దినినను దినకున్నను, శిశువుగ నున్నప్పుడు కలిగిన మార్పు అట్లే నిలిచియుండెను.